తుగ్లకాబాద్ నుంచి అయినవిల్లికి: షూటింగ్ రేంజ్‌లో ఆఖరి శుక్రవారం, ఆ తర్వాతి ప్రయాణం

గురువారం, పుష్ప్ విహార్

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకి క్వార్టర్ ఖాళీ చేయడానికి కొన్ని నెలల గడువు ఉంటుంది. మేం ఆ గడువు వాడుకోదలచుకోలేదు. ఫిబ్రవరి నెలాఖరుతో నా సర్వీసు అయిపోయింది. మార్చి మొదటి వారంలోనే కోనసీమకి టిక్కెట్లు తీసుకున్నాం. ఎండలు ముదరకముందే ఊరు చేరిపోవాలని ఒకటి, అక్కడ మా అత్తయ్య మేం ఎప్పుడొస్తామా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నారని రెండోది.

పొద్దున్నే ప్యాకర్స్ వాళ్లు వచ్చారు. మంచాలు, బీరువా, పుస్తకాలు, వంటింటి సామాను అన్నీ మధ్యాహ్నానికల్లా అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఒక్క పెట్టె మాత్రం వాళ్ల చేతికి ఇవ్వలేదు. అందులో నా ఎయిర్ పిస్టల్ ఉంది.

మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు సెలవుల్లో షూటింగ్ నేర్చుకుంటానంటే తీసుకెళ్లేదాన్ని. గంటలకొద్దీ బెంచీ మీద కూర్చునే బదులు నువ్వూ ఒకసారి పట్టుకుని చూడమ్మా అని అదే నా చేతిలో పెట్టింది. ఇంజనీరింగ్‌లో చేరాక అది మానేసింది. నాకు మాత్రం ఆఫీసు, ఇల్లు తర్వాత ఇదే జీవితమైంది. చాలామంది అనుకునేట్టు ఇది ఆవేశం ఉన్నవాళ్ల ఆట కాదు. ఏ కాస్త చిరాకుతో వచ్చినా, ఇంట్లో ఏ మాట మనసులో పెట్టుకుని వచ్చినా, పది గుండ్లు పేలేలోపే టార్గెట్ మీద కనిపించిపోతుంది. నన్ను నేను చూసుకోవడానికి ఇంతకంటే నిక్కచ్చి అయిన చోటు నాకు దొరకలేదు.

ఇరవై జౌళ్లలోపు శక్తి, 0.177 అంగుళాల గొట్టం ఉన్న ఎయిర్ గన్‌కి మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా ప్రయాణంలో ఎవరైనా అడిగితే చూపించడానికి కొన్న బిల్లు, షూటింగ్ అసోసియేషన్ కార్డు ఒక కవర్లో పెట్టి పెట్టె మూతకి అంటించాను.

పిస్టల్‌కి బిగించే గాలి సిలిండర్లు రెండున్నాయి. ఒక్కోదాంట్లో 200 బార్ ఒత్తిడి దాకా గాలి పడుతుంది. రేపటికి ఒకటి ఉంచుకుని రెండోది ఖాళీ చేసేశాను. సిలిండర్ మీద తయారైన తేదీ కొట్టి ఉంటుంది, పదేళ్లు దాటితే వాడకూడదు. నావాటికి ఇంకా టైముంది. ఢిల్లీ పొడి గాలికి అలవాటుపడ్డ సామాను ఇది. కోనసీమ తేమలో స్క్రూలు, సైట్లు (గురి చూసుకునే భాగాలు) తుప్పు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు మూలమూలలా కుక్కి, లోహం ఉన్నచోటల్లా పల్చగా నూనె గుడ్డతో తుడిచాను. వాల్‌నట్ కర్రతో చేసిన పిడిని మాత్రం ముట్టుకోలేదు. అది నా అరచేతికి తగ్గట్టు ఏళ్ల తరబడి కొంచెం గీకి, కొంచెం పుట్టీ పెట్టి కుదుర్చుకున్న పిడి.

శుక్రవారం, తుగ్లకాబాద్

పుష్ప్ విహార్ నుంచి మెహ్రౌలీ బదర్‌పూర్ రోడ్డు మీద తూర్పుగా వెళ్తే ఖాన్‌పూర్, హమ్‌దర్ద్ నగర్ దాటాక కుడివైపు సూరజ్‌కుండ్ వైపు మలుపు వస్తుంది. రేంజ్ అటే. ఈరోజు మాత్రం ఆ మలుపు దగ్గర దిగకుండా బస్సులో ఇంకొంచెం ముందుకి వెళ్లి తుగ్లకాబాద్ కోట దగ్గర దిగాను. రోడ్డు పక్క బూరుగు చెట్లకి ఆకు లేదు, చెట్టంతా ఎర్రటి పూలే.

ఈ కోటని 1321 ప్రాంతంలో గియాసుద్దీన్ తుగ్లక్ కట్టించడం మొదలుపెట్టాడు. రెండేళ్లకి, 1323లో, అతని కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లుని పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపించాడు. ప్రతాపరుద్రుడు ఈ గోడలు చూడలేదు. దారిలో నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతుంది. ఆ శాసనంతో దానమిచ్చిన విలస గ్రామం మేం ఇప్పుడు వెళ్లబోతున్న అయినవిల్లి మండలంలోనే ఉంది. ఇన్నేళ్లూ వారం వారం ఈ కోట దరిదాపుల్లోకి వస్తూ, నా ఊరికీ ఈ రాళ్లకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసి కూడా ఒక్కసారీ లోపలికి వెళ్లి నిలబడలేదు. ఈరోజు నిలబడ్డాను. ఏటవాలుగా పైకి లేచిన బురుజులు, రోడ్డుకి అవతల ఎర్రరాతి గోడల మీద తెల్లటి గుమ్మటంతో గియాసుద్దీన్ సమాధి. కాసేపు చూసి ఆటో ఎక్కి వెనక్కి రేంజ్‌కి వచ్చాను.

డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్ 1982 ఆసియా క్రీడల కోసం కట్టింది. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ ఐదు ఒలింపిక్స్‌లో ట్రాప్ షూటింగ్‌లో (గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని కొట్టే పోటీ) పాల్గొన్నారు, 1962లో కైరోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం గెలిచారు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు రేంజ్‌ని కొత్తగా తీర్చిదిద్దారు. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ ఆ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు ఈ ఆవరణలోనే గెలిచారు. లోపలికి అడుగుపెట్టేసరికి ఎడతెగకుండా షాట్‌గన్‌ల మోత, ఆ మోతకి ఏమాత్రం బెదరని నెమళ్ల అరుపు రెండూ కలిసి వినిపిస్తాయి. పక్కనే అసోలా భట్టీ అభయారణ్యం. నీల్‌గాయ్‌లు కంచె దాకా వస్తుంటాయి.

పది మీటర్ల హాల్లోకి వెళ్తే బయటి మోత సగం తగ్గిపోతుంది. ఇక్కడ వినిపించేదల్లా గాలి ఊదినట్టు చిన్న చప్పుడు, పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు తగిలిన టక్ అనే శబ్దం. శుక్రవారాలు మా పాతకాపులందరం కలిసి ప్రాక్టీసు మ్యాచ్ పెట్టుకుంటాం. సైన్యం నుంచి రిటైరైన ఒక సుబేదార్ గారు కమాండ్లు ఇస్తారు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. నేను వెళ్లిపోతున్నానని ఆయనకి తెలుసు. ఆ మాటే ఎత్తలేదు. నా పెట్టె చూసి, "మేడమ్, సిలిండర్ ప్రెషర్ చూసుకున్నారా?" అని రోజూ అడిగేదే అడిగారు. అందుకు ఆయనకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆయన గనక వీడ్కోలు మాట మాట్లాడి ఉంటే ఆ రోజు నేను పిస్టల్ ఎత్తగలిగేదాన్ని కాదు.

పదిహేను నిమిషాలు సైటర్లు, అంటే లెక్కలోకి రాకుండా గురి సరిచూసుకునే షాట్లు. తర్వాత మ్యాచ్: అరవై షాట్లు, డెబ్బయి ఐదు నిమిషాలు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆడవాళ్లకి నలభై షాట్లే. 2018 నుంచి అంతర్జాతీయ సమాఖ్య ఆడవాళ్లకీ అరవై చేసింది. యాభై దాటిన మా బ్యాచ్ ఆడవాళ్లలో కొందరు అప్పుడు భయపడ్డారు, కిలో బరువు చేయి చాచి అన్నిసార్లు ఎత్తగలమా అని. నాకు మాత్రం ఆ రోజు చాలా సంతోషం కలిగింది. మగవాళ్లకి ఒక లెక్క, మనకి ఒక లెక్క ఏమిటన్న ప్రశ్న ఈ ఒక్క ఆటలోనైనా తీరిందని.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క షాట్ గురించి నెమ్మదిగా చెప్తాను.

టార్గెట్ పది మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మధ్యలో నల్లటి గుండ్రం 59.5 మిల్లీమీటర్లు. అందులో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, ముందు భాగం చదునుగా ఉంటుంది. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, రెండో చేయి జేబులోనో నడుం దగ్గరో. చూపుకి అడ్డం రాకుండా ఎడమ కంటి ముందు చిన్న బ్లైండర్. పిస్టల్ ఎత్తి నల్ల గుండ్రం పైదాకా తీసుకెళ్లి, ఊపిరి వదులుతూ మెల్లగా కిందకి దించుతాను. సైట్లు నల్ల గుండ్రం కింద తెల్లటి చోటికి వచ్చి ఆగుతాయి. ఇప్పుడు కన్ను టార్గెట్ మీద ఉండకూడదు. ఎదురుగా ఉన్న ఫ్రంట్ సైట్ కత్తి అంచులా స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ మసకగా ఉండాలి. కొత్తవాళ్లకి ఇదే మింగుడుపడదు: కొట్టాల్సిన దాన్ని చూడకుండా కొట్టడమేమిటని.

చేయి ఊగుతుంది. ఎవరికైనా ఊగుతుంది, ఒలింపిక్ పతకం గెలిచినవాళ్లకి కూడా. ఊగే చేతిని ఆపాలని బిగబట్టినకొద్దీ ఇంకా ఊగుతుంది. ఆ ఊగడాన్ని ఊగనిచ్చి, సైట్ మీదే చూపుంచి, చంటిబిడ్డ తల కింద నుంచి నిద్ర చెడకుండా చేయి లాక్కున్నంత మెల్లగా ట్రిగ్గర్ మీద ఒత్తిడి పెంచాలి. ట్రిగ్గర్ బరువు కనీసం అరకిలో ఉండాలని రూలు. షాట్ ఎప్పుడు పేలిందో మనకే ముందుగా తెలియకూడదు. పేలాక కూడా చేయి దించకూడదు, సైట్ మీద నుంచి చూపు తీయకూడదు. ఆ ఒక్క క్షణం ఆగడాన్నే ఫాలో త్రూ అంటారు. నేను చూసినంతవరకు మంచి షూటర్‌కీ మామూలు షూటర్‌కీ తేడా అంతా ఆ క్షణంలోనే ఉంది.

ఆరోజు మ్యాచ్ నాకు మామూలుగానే సాగింది. మధ్యలో ఒక పది షాట్ల సిరీస్ చాలా బాగా వచ్చింది, తర్వాతి దాంట్లో మణికట్టు అలిసి ఎనిమిదులు పడ్డాయి. రెండు నిమిషాలు పిస్టల్ బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదలుపెట్టాను.

ఆఖరి షాట్ దగ్గరకొచ్చేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినపడింది. పది రావాలని మనసు కోరింది. కోరిక మొదలైతే వేలు తొందరపడుతుంది. అందుకని ఎత్తిన చేయి దించేశాను. మళ్లీ ఎత్తాను, మళ్లీ దించాను. మూడోసారి ఎత్తినప్పుడు ఇది ఎన్నో షాట్ అన్న ధ్యాస పోయింది. పేలింది. స్క్రీన్ మీద తొమ్మిది, కుడివైపు. చేయి అలాగే పట్టుకుని, ఆగి, దించాను. "స్టాప్... అన్‌లోడ్" అని ఉస్తాద్ గొంతు. సిలిండర్‌లో మిగిలిన గాలి వదిలేసి గొట్టంలో నారింజరంగు సేఫ్టీ తాడు దూర్చాను.

పెల్లెట్ల సీసం చేతికి అంటుతుంది కాబట్టి ఇంకేది ముట్టుకోవాలన్నా ముందు చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కడుక్కుని వచ్చేసరికి పక్క లేన్ సర్దార్జీ నా పెట్టె మీద పెల్లెట్ డబ్బాలు పేర్చి పెట్టారు. అన్నీ ఒకే లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైనవి. తెలియనివాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. మన గొట్టానికి నప్పే లాట్ దొరకాలంటే రకరకాల డబ్బాలు తెచ్చి, పిస్టల్‌ని బిగించి ఒక్కోదాన్నీ పరీక్షించి, ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసుకోవాలి. అలా ఆయన తన కోసం దాచుకున్న లాట్ అది. మా ఇద్దరి పిస్టళ్లూ ఒకే కంపెనీవి, ఒకే లాట్ పడుతుంది. "మీ ఊళ్లో ఇవి దొరకవు బహెన్‌జీ" అని పంజాబీ యాసలో చెప్పి, ఇంకేం మాట్లాడకుండా తన లేన్‌కి వెళ్లిపోయారు.

హర్యానాలోని ఝజ్జర్ నుంచి బస్సు ఎక్కి వచ్చే ఒక అమ్మాయి ఉంది, ఇంకా డిగ్రీ చదువుతోంది. పిస్టల్ షూటర్ మను భాకర్‌ది కూడా ఆ జిల్లానే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి చాలా సమయం పోయింది, ఆ క్వాలిఫికేషన్‌లో 575 కొట్టి రెండు పాయింట్లతో ఫైనల్ పోగొట్టుకుంది. 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. ఈ అమ్మాయి ఆ కథని తన ఇంటి కథలా చెబుతుంది.

"ఆంటీ, మీ ఊళ్లో రేంజ్ ఉందా?" అంది.

"రేంజ్ లేదమ్మా. పది మీటర్ల పొడవున్న కొబ్బరికాయల కొట్టు ఉంది" అన్నాను.

"అయితే ఉన్నట్టే. నేను నేర్చుకున్నది మా స్కూల్లో ఒక గదిలో. నాలుగు లేన్లు, కాగితం టార్గెట్లు, తాడు లాగితే ముందుకొచ్చేవి."

ఆ మాట నాతోపాటు కోనసీమ దాకా వచ్చింది.

శనివారం, న్యూఢిల్లీ స్టేషన్

మధ్యాహ్నం అశోకా రోడ్డు ఆంధ్రా భవన్‌లో భోజనం. పప్పు, పులుసు, గోంగూర, నెయ్యి. ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లెవరికీ ఈ భోజనం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆఫీసు స్నేహితులు కొందరు వచ్చారు. సాయంత్రం క్వార్టర్ తాళాలు అప్పగించి స్టేషన్‌కి బయల్దేరాం.

స్కానర్‌లో పెట్టె వెళ్లగానే కానిస్టేబుల్ పక్కకి పిలిచాడు. తెరిచి చూపించాను. సిలిండర్ విడిగా ఉండటం, గొట్టంలో సేఫ్టీ తాడు, బిల్లు, కార్డు అన్నీ చూశాడు. "మను భాకర్ కాల్చేది ఇలాంటిదేనా?" అని అడిగాడు. ఇలాంటిదే అన్నాను. మరోసారి వంగి శ్రద్ధగా చూసి, తన చేత్తోనే మూత వేసి ఇచ్చాడు. పారిస్ పతకాల తర్వాత ఈ పెట్టెని చూసే చూపు మారింది. అంతకుముందు ప్రయాణాల్లో ఇదే పెట్టె తెరిస్తే చుట్టూ జనం రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు.

ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పెట్టెని కింది బెర్త్ కింద, నా తల వైపు పెట్టుకున్నాను.

ఆదివారం, రైల్లో

భోపాల్ దాటాక మెలకువ వచ్చింది. మా ఆయన్ని లేపి, నర్మద వస్తుందండీ అన్నాను. చీకట్లో వంతెన దడదడలాడింది. కింద నీళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు, ఒడ్డున ఎక్కడో నాలుగు దీపాలు. ప్రతాపరుద్రుడు ఏ రేవు దగ్గర పోయాడో శాసనం చెప్పదు. మేం ఆయన నడిచిన దారికి ఎదురుగా వెళ్తున్నాం. ఇటార్సీ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

నాగపూర్‌లో కమలాలు కొన్నాం. బల్లార్షా దాటాక పలకరింపులు తెలుగులోకి మారిపోయాయి. ఎదుటి సీట్లో వరంగల్ దిగే దంపతులు. వాళ్ల అబ్బాయి ఏడో తరగతి. ఫోన్‌లో తుపాకీ ఆటలు ఆడుతున్నాడు. నేను షూటర్‌నని మా ఆయన నోరు జారగానే ఆ పిల్లాడు ఫోన్ పక్కన పెట్టేశాడు. "ఎంతమందిని కొట్టచ్చు ఆంటీ?" అని అడిగాడు. ఒక్క కాగితాన్ని కొడతాం నాన్నా, దాన్నే అరవైసార్లు అన్నాను. నిరాశ పడతాడనుకున్నాను. పడలేదు. అరవైసార్లూ మధ్యలోనే తగులుతుందా అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గురించి చెప్పాను. పదమూడేళ్లకే 2018లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మొదట్లో ఆమె కోసం వాళ్ల నాన్న ఇంట్లోనే కాగితం టార్గెట్ల రేంజ్ ఏర్పాటు చేశారని చదివాను. బీజింగ్ ఒలింపిక్స్‌లో మనకి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రాకి కూడా ఇంట్లోనే రేంజ్ ఉండేది. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచాడు. ఈ పేర్లు ఆ తల్లిదండ్రులకి తెలియవు. క్రికెట్ ఆడే మన కుర్రాళ్ల పేర్లు వరసగా చెప్పారు. వాళ్ల తప్పేమీ లేదు. చూడని ఆట ఎవరికి గుర్తుంటుంది? తుపాకీ అంటే దీపావళి బిళ్లల పిస్టలో, సినిమాలో తప్ప మన ఊళ్లల్లో పిల్లలకి కనిపించేదెక్కడ?

వరంగల్‌లో దిగేటప్పుడు ఆ అబ్బాయి హన్మకొండలో ఎక్కడైనా నేర్పిస్తారేమో కనుక్కోమని వాళ్ల నాన్నకి చెబుతూనే ఉన్నాడు.

అర్ధరాత్రి దాటాక కొవ్వూరు దగ్గర గోదావరి. ఆయన అలవాటు ప్రకారం రూపాయి బిళ్ల విసిరారు. రాజమండ్రిలో దిగి, స్టేషన్ దగ్గర లాడ్జిలో తెల్లారేదాకా పడుకున్నాం.

సోమవారం, అయినవిల్లి

పొద్దున్నే మా మరిది కారు పంపించాడు. జొన్నాడ దగ్గర గౌతమి దాటి రావులపాలెం, అక్కడ రోడ్డు పక్క వరసగా అరటిగెలలు. కొత్తపేట మీదుగా ఇంటికి. అయినవిల్లి విఘ్నేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి మరీ ఇంటికెళ్లాం.

అత్తయ్య కాళ్లకి దండం పెట్టాను. ఆవిడ మొదట అడిగింది, "తుపాకీ తెచ్చావా?" అని. తెచ్చానత్తయ్యా అన్నాను. "పిల్లలకి అందకుండా పెట్టు" అన్నారు. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పిందే రేంజ్‌లో మొదటి పాఠం. పెద్ద ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా మెడలో పసుపుతాడు పక్కన వేసుకున్నాను.

మధ్యాహ్నం టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఒకప్పుడు అంబాజీపేట మార్కెట్‌కి పంపే ముందు కాయలు రాశి పోసుకునే కొట్టు అది. ఇప్పుడు కాయలు తోటలోంచే లారీకి వెళ్తున్నాయి, కొట్టు ఖాళీ. ఒక గోడ నుంచి ఇంకో గోడకి పన్నెండు మీటర్లు దాటింది. టార్గెట్ వెనక తగినంత జాగా, నా వెనక నిలబడటానికి జాగా. చివర ఇటుక గోడ దిట్టమైనది, కిటికీ లేదు, అవతల ఎవరూ నడవరు. చివరి రెండూ నాకు అన్నిటికన్నా ముఖ్యం. చోటు ఎంత ఉన్నా, గోడ అవతల మనిషి మసిలే అవకాశం ఉంటే అది రేంజ్ కాదు.

మంగళవారం, కొట్టు

వడ్రంగి మేస్త్రి వచ్చాడు. బల్ల ఎత్తు, టార్గెట్ చట్రం ఎత్తు చెప్పాను.

"గుండు గోడలోంచి పోదుగదండీ అమ్మగారూ?"

"చెక్కలోంచే పోదు. చట్రం వెనక ఏటవాలుగా ఇనప రేకు పెడదాం, దాని వెనక ఇసక బస్తాలు."

"ఆయ్, అయితే ఇంకేం భయం లేదండి" అని కొలతలు రాసుకున్నాడు.

వెలుతురే పెద్ద పని. టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ ఉండాలి. కొట్టు పెంకుల కింద పగలు కూడా దాంట్లో పదో వంతు లేదు. రెండు ఎల్‌ఈడీ దీపాలు చట్రానికి ఇరుపక్కలా, నా కళ్లలో పడకుండా అడ్డు రేకుతో పెట్టాలి. గాలి నింపడానికి మూడంచెల చేతి పంపు ఢిల్లీలోనే కొని సామానులో వేశాను, లారీ ఇంకా రాలేదు. తేమ గాలి లోపలికి పోకుండా పంపుకి ఫిల్టర్ కూడా కావాలి, దాని కోసం మా అమ్మాయికి ఫోన్ చేశాను.

మా మరిది కూతురు ఇంటర్ చదువుతోంది. పొద్దున్నుంచీ నా వెనకే తిరుగుతోంది. "పెద్దమ్మా, నాకు నేర్పుతావా?" అని అడగడానికి మధ్యాహ్నం దాకా ఆగింది. వాళ్లమ్మ వంటింట్లోంచి, "దాని పరీక్షలు అయ్యాక చూద్దాం అక్కయ్యా" అంది. పరీక్షలు అయ్యాకే అని ఇద్దరికీ మాట ఇచ్చాను.

అప్పటిదాకా చేయాల్సింది కూడా చెప్పాను. రోజూ పొద్దున్న నీళ్లు నింపిన చిన్న సీసా పట్టుకుని, చేయి చాచి, తెల్లగోడ ఎదురుగా నిలబడాలి. ముందు పది క్షణాలు, తర్వాత పదిహేను. భుజం నొప్పెడితే దించేయాలి, పంతం పట్టకూడదు. అది బాగా వచ్చాక ఖాళీ పిస్టల్ ఇస్తాను, అదీ తెల్లగోడ వైపే. టార్గెట్ తర్వాత, పెల్లెట్ ఇంకా తర్వాత. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పిన రోజు మళ్లీ ముట్టుకోనివ్వను.

తలూపింది. నూతి దగ్గర నుంచి సీసా నింపుకొచ్చి, "చేయి ఊగుతుంది పెద్దమ్మా" అంది.

"ఊగనీ" అన్నాను.